మునుం మొత్తం పట్టే కెమెరా

పేరేసంద్రలో హైవే పక్కన పంక్చర్లు వేసే అంగడి ఒకటి ఉంది. పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు మా ఊరి దాకా రారు, చుట్టుపక్కల ఊళ్ళవన్నీ ఆ అంగట్లోనే దించి పోతారు. ఆ సాయంత్రం చిక్కబళ్ళాపురంలో ఆఫీసు వదలగానే బస్సెక్కి, పేరేసంద్రలో దిగి, రోడ్డు దాటి పరుగులాంటి నడకతో అక్కడికి పోయాను. అంగడి ఆయన నా డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఏంది పాపా ఇది, ఉత్త డబ్బీ పంపినట్లుండారే! బరువే లేదు."

"అది అంతేప్పా," అన్నాను. మామూలుగా అయితే తల ఊపి తీసుకుని వచ్చేసేదాన్ని. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మా ఊరి వైపు పోయే గుడిబండె బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇంటికి పోయేదాకా ఆగుదామనే అనుకున్నాను. బస్సు కదలకముందే గోరుతో టేపు చీల్చేశాను. లోపల నల్లటి ప్లాస్టిక్ కెమెరా, సోపు పెట్టె కన్నా కొంచెం పెద్దది. రీలు వేసి తీసేది. ఎవరో వాడి వదిలేసింది, పాత సామాను అమ్మే వెబ్‌సైటులో దొరికింది. ఫోటోలు తీయడం రానివాళ్ళ కోసమే చేసిన కెమెరా అది. దూరం సరిచూసుకునే పని లేదు, వెలుగు కొలిచే పని లేదు. కన్ను పెట్టి నొక్కడమే. అయితే ముందువైపు చిన్న మీట ఒకటి ఉంది. దాన్ని పక్కకు జరిపితే ఫోటో పైనా కిందా మూసుకుపోయి, నడుమ పొడవాటి పట్టీ మిగులుతుంది. లెన్సు కూడా మామూలు కెమెరా కన్నా వెడల్పుగా చూస్తుంది. పనోరమా అంటారు దాన్ని.

ఆ మాట నాకు తాలూకా లైబ్రరీలో తెలిసింది. ఒక పాత పుస్తకంలో మడతలు విప్పితే బల్ల పొడవునా పరుచుకునే ఊరి బొమ్మ ఒకటి ఉంది. ఊరికి ఈ కొస నుంచి ఆ కొస దాకా అందులో ఉంది, ఎవరినీ కోసేయలేదు. దాన్ని మడిచి, మళ్ళీ విప్పి, లైబ్రరీ మూసేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ రోజు డైరీలో ఆ బొమ్మ గురించి తప్ప ఇంకేమీ రాయలేదు.

బస్సు గుడిబండె దగ్గరికి వచ్చేసరికి మీట జరిపి కన్ను పెట్టాను. కొండ! ఎడమ పాదం నుంచి కుడి పాదం దాకా, కింద ఇళ్ళ మిద్దెలతో సహా, మొత్తం కొండ ఆ సన్నటి పట్టీలో పడుకుని ఉంది. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చినట్లుంది, పక్క సీటు ఆమె తిరిగి చూసింది.

"ఏమ్మా, దాంట్లో సినిమా వస్తాదా?"

కెమెరా ఆమె చేతికిచ్చాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"మన కొండే కదమ్మా! దినామూ చూసే కొండకి ఇంత సంబరమా నీకి!" అని నవ్వుతూ ఇచ్చేసింది.

సంబరమే మరి. అయితే ఆ కెమెరా కొన్నది కొండ కోసం కాదు. మా అమ్మ కోసం.

మా ఇంట్లో గోడ మీదవీ ఆల్బంలోవీ ఎన్ని ఫోటోలు వెతికినా అమ్మ పూర్తిగా కనిపించదు. చిన్నాన్న పెళ్ళి ఫోటోలో ఒక భుజమూ చీర కుచ్చిళ్ళూ. కొత్తింట్లో పాలు పొంగించిన రోజు ఫోటోలో గాజుల చెయ్యి ఒకటి, అది కూడా పక్కింటామెదని నాన్న వాదిస్తాడు. బళ్ళో నేను బహుమతి తీసుకున్నప్పటి ఫోటోలో సగం మొహం. ఎవరైనా ఫోటో అన్నారంటే అమ్మ జరిగి జరిగి అంచుకు చేరుతుంది. తీసేవాళ్ళు ఆ అంచును వదిలేస్తారు. అమ్మ రెండు చెవులతో సహా ఉన్నది ఆధార్ కార్డులో మాత్రమే. అందులో ఆమెను చూస్తే ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్లు ఉంటుంది.

"ఫోటోల్లో నేను బాగుండను లేమ్మే," అంటుంది. ఆ బుద్ధే నాకూ వచ్చింది. అందుకే ఆమెను పట్టి నడుమ నిలబెట్టే ధైర్యం నాకు ఎప్పుడూ లేకపోయింది.

కానీ అమ్మ జరగని చోటు ఒకటుంది. రాగి కోతలప్పుడు ఆడవాళ్ళు చేనికి అడ్డంగా వరుస కడతారు. ఒక్కొక్కరికి కొన్ని సాళ్ళు. ఎవరి పట్టీ వాళ్ళ మునుం. కోసుకుంటూ అందరూ ఒక్కటిగా ముందుకు పోవాలి, వరుస వంకర పోకూడదు. అందుకని చెయ్యి తిరిగినవాళ్ళను రెండు కొసల్లో పెడతారు. కొసలు సమంగా కదిలితే నడుమ వాళ్ళు సిగ్గుకైనా వెనకబడరు. మా ఊళ్ళో ఒకరి చేనికి ఇంకొకరు బదులు పనికి పోతారు కాబట్టి ఎవరి చేను కోసినా అదే జట్టు, అవే చోట్లు. ఎదురుగా నిలబడి చూస్తే కుడి కొస పెద్దమ్మది, అంటే నాన్న అన్న భార్యది. నోరూ కొడవలీ ఒకే పదును. ఎడమ కొస అమ్మది. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే అమ్మకు ఆ కొస ఇచ్చారట. ఇప్పటి దాకా ఇంకెవరూ అడగలేదు.

అక్కడ నిలబడినప్పుడు అమ్మ నిలబడే తీరే వేరుగా ఉంటుంది. అంచున ఉండడం అక్కడ దాక్కోవడం కాదు. ఆ అంచు పోకుండా ఫోటో తీయాలని నాకు పట్టుకుంది. కిందటేడు ఫోనుతో ప్రయత్నించాను. ఫోను పనోరమా అంటే చేతిని నిదానంగా ఈ పక్కనుంచి ఆ పక్కకు తిప్పుతూ పోవాలి. వరుస ఏమో కదులుతూ ఉంటుంది. పెద్దమ్మకు మూడు చేతులొచ్చాయి. అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె వంగింది, చీర ఉంది గానీ పైన తల లేదు. ఈ కెమెరా అయితే తిప్పే పని లేదు. ఒక్క నొక్కుకు వరుస మొత్తం.

మా చేను కోసే రోజు వచ్చేలోపల చెయ్యి అలవాటు కావాలని, రీలు వేసి, పోయిన చోటల్లా తీశాను. మొదట గుడిబండె కొండ. తర్వాత బాగేపల్లి బస్టాండులో వరుసగా నిలబడిన బస్సులు. చింతామణిలో అత్త ఇంటికి పోయినప్పుడు మార్కెట్లో గోడకట్టినట్లు పేర్చిన టమాటా క్రేట్లు. నొక్కిన ప్రతిసారీ కెమెరా నుంచి టక్కుమని చిన్న చప్పుడు, తర్వాత బొటనవేలితో చక్రం తిప్పుతుంటే కరకరమని రీలు జరగడం. ఆ కరకర కోసమే ఇంకొకటి తీయాలనిపించేది. బలవంతాన ఆపుకుని రీలు చివర కొంచెం అట్టిపెట్టాను. ఎంత మిగిలిందో సరిగా తెలియదు. లెక్క చూపించే కిటికీలో అంకెలు చెరిగిపోయాయి.

కోత రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. పైరు మీద మంచు తడి ఉండగానే కోత మొదలుపెడతారు, ఎండ ఎక్కితే గింజ రాలుతుందని. నా పని సంగటి ముద్దలూ పులుసులాంటి అనపగింజల సారూ మోసుకుపోవడం. గంప మీద కప్పిన గుడ్డ కింద కెమెరా. నేను పోయేసరికి ఎండ చేనంతా పరుచుకుంది. వరుస సగం చేను దాటింది. ఎదురుగా గట్టు కొంచెం ఎత్తు. అక్కడ నిలబడితే వాళ్ళు నా వైపే కోసుకుంటూ వస్తారు. రాత్రంతా మనసులో గీసుకున్న బొమ్మ అదే.

గంప దించి, కెమెరా తీసి గట్టెక్కాను. ఏదో ఒకటి చెప్పాలి. నేను నోరు తెరిచేలోపల పెద్దమ్మే తలెత్తి చూసింది.

"ఏమ్మే, సోపు డబ్బీ పట్టుకోని ఆడ ఏం చేస్తాండావు? స్నానం చేపిస్తావా మాకు?"

"కెమెరా పెద్దమ్మా."

ఆ మాట చాలింది. "ఫోటో అంట! ఫోటో తీస్తాదంట!" అని వరుస ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకింది. కొడవళ్ళు కింద పడ్డాయి. తలగుడ్డలు ఊడాయి. కొంగులతో మొహాలు తుడుచుకుని, ఉమ్ము తడితో ముందు వెంట్రుకలు అణచుకుని, అందరూ పరిగెత్తుకొచ్చి చేని నడుమ ఒక్కచోట కుప్పబడ్డారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, భుజానికి భుజం ఆనించి, చేతులు కట్టుకుని. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫర్లు "దగ్గరికి రండి, ఇంకా దగ్గరికి" అని ఇన్నేళ్ళూ నేర్పించిన పాఠం అది. ఒక్కరూ తప్పలేదు.

కన్ను పెట్టి చూశాను. పొడవాటి పట్టీ నడుమ మూట కట్టి పడేసినట్లు ఆడవాళ్ళు. ఈ పక్కా ఆ పక్కా ఉత్త చేను. అమ్మ కోసం వెతికాను. మూట వెనక, ఎడమ పక్కన, ఒక నుదురు కనిపించింది. కుంకుమ బొట్టును బట్టి అమ్మ అనుకున్నాను.

"తీసినావా?"

"లేదు."

"నవ్వాల్నా వద్దా, చెప్పు."

"ఇట్ల కాదు... మునుంలో..." నా మాట గట్టు దిగలేదు.

"ఏమంటాంది? గట్టిగా చెప్పమ్మే, ఆడ చీమలకి చెప్పినట్లు చెప్తాండావు!"

ఎండలో ఊరికే నిలబెట్టినందుకు సణుగుడు మొదలైంది. సంగటి చల్లారిపోతుందని ఎవరో అన్నారు. ఇంకొంచెం సేపు ఊరుకుంటే "అయిపాయ" అనుకుని అందరూ గంప దగ్గరికి వచ్చేస్తారు. తిన్న తర్వాత కునుకు, కునుకు తర్వాత ఎండ నడినెత్తికి. అమ్మ నుదురొక్కటే నాకు మిగిలేది. కుడిచేత్తో కెమెరా పట్టుకుని, ఎడమచెయ్యి నోటి పక్కన అడ్డం పెట్టి, చేని మీద వాలిన నెమళ్ళను నాన్న తరిమేటప్పుడు అరిచినట్లు అరిచాను.

"అందరూ ఎవరి మునుంలోకి వాళ్ళు పోండి! కొడవలి చేతిలోనే ఉండాల!"

చేనంతా ఒక్కసారిగా నవ్వులు.

"అబ్బా, నోరుండాదే దీనికి!"

"ఇన్ని దినాలూ యాడ పెట్టింటివే ఆ గొంతు?"

"వాళ్ళ నాయనదే అది, చూసుకో!" అంది పెద్దమ్మ.

అమ్మ మాత్రం నవ్వలేదు. నేను ఎవరో కొత్తమనిషిని అన్నట్లు చూసింది. నా చెవులు కాలిపోతున్నాయి. కానీ భలే ఉంది లోపల. ఇంకోసారి అరవమన్నా అరిచేదాన్ని.

ఆ తర్వాత నేను ఒక్కమాట కూడా చెప్పనక్కర లేకపోయింది. ఎవరు ఎక్కడ నిలబడాలో చేనే చూపిస్తుంది. కోసి ఆపిన చోటుకు ఎవరికి వాళ్ళు నడిచి పోయారు. కుప్ప విడిపోయి, రెండు వైపులా సాగి, చేనికి అడ్డంగా వరుస అయింది. కన్ను పెట్టి ఊపిరి బిగబట్టాను. కుడి కొసన నడుము మీద చెయ్యి పెట్టుకుని పెద్దమ్మ. నడుమ ఒకరి పక్కన ఒకరు. ఎడమ కొసన... ఎడమ కొస ఖాళీ. అమ్మ ఫోటో సంగతి గుర్తొచ్చి, అలవాటు కొద్దీ ఒక్కో అడుగూ పక్కకు వేస్తూ కోయని రాగిలోకి జరుగుతోంది.

"అమ్మా! నీ చోటు వదలొద్దు!"

పెద్దమ్మ మెడ సాచి అటు చూసింది. "యాడికి పోతాండావే? మునుం వదిలి పోయే కాలమొచ్చిందా నీకి? పో, రేపట్నించి ఆ కొస నా కోడలికి ఇస్తాను!"

ఆ మాటకు అమ్మ గబుక్కున వెనక్కి వచ్చింది. వచ్చి రెండు కాళ్ళూ తన సాళ్ళలో ఆనించి, కొడవలి పట్టుకుని, పెద్దమ్మ వైపు కోపంగా చూసి, ఆ కోపంతోనే నా వైపు తిరిగింది. నొక్కేశాను.

టక్.

"అంతేనా?"

"అంతే."

"యాడ, చూపీ." అందరూ గట్టు కిందికి వచ్చి కెమెరాను తిప్పి తిప్పి చూశారు. వెనక నల్ల ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. "బొమ్మ యాడుండాది?"

"లోపల రీల్లో ఉండాది. బెంగళూరికి పంపి కడిగించాల."

"కడిగినాక పోతే?"

ఇంకొకటి తీసి పెట్టుకుందామని చక్రం తిప్పాను. తిరగలేదు. రీలు అయిపోయింది.

చిక్కబళ్ళాపురం నుంచి రీలును కొరియరులో పంపాను. పంపిన తర్వాత, ఇట్లాంటి కెమెరాల గురించి ఫోనులో చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. లెన్సు అంత వెడల్పుగా చూస్తుంది కాబట్టి, పట్టుకున్న ఎడమచేతి వేలు కొంచెం ముందుకు వచ్చినా ఫోటోలో పడుతుందట. కన్ను పెట్టే కిటికీ వేరే చోట ఉంటుంది, అందులో వేలు కనిపించదు. వేలు పడేది ఎక్కడా అంటే ఎడమ అంచున. అమ్మ ఉన్న అంచున.

ఆ తర్వాత రోజులన్నీ కెమెరా పట్టుకుని, వేలు ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకుంటూ గడిపాను. గుర్తొచ్చినట్లే ఉండేది, రాదు. అమ్మ ఏమీ అడగలేదు. అడగలేదు అనుకున్నాను గానీ, ఒకనాడు అనపకాయలు ఒలుస్తూ, గింజల వైపే చూస్తూ అంది: "ఆ కడిగే ఆయప్ప ఏమన్నా చెప్పినాడా?"

"ఇంకా లేదమ్మా."

"ఊరికే అడిగితి లే." కాసేపటికి మళ్ళీ, "ఆ పొద్దు నేను ఆ పాత రవిక వేసుకోనుంటి కదా. పడిందో ఏమో అది."

అప్పుడు తెలిసింది నాకు. ఈ ఫోటో కావాలని కూర్చున్నది నేనొక్కదాన్నే కాదు.

ఫోటోలు ఫోనుకు వచ్చినప్పుడు ఇంటికి వచ్చే బస్సులో ఉన్నాను. నిలబడే చోటు కూడా లేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో తెరిచాను. కొండ బాగా వచ్చింది. బాగేపల్లి బస్సుల ఫోటోలో ఎడమ పక్కన గులాబీరంగు స్తంభం ఒకటి. బస్టాండులో అట్లాంటి స్తంభం లేదు. చింతామణి టమాటాల ఫోటోలో అదే స్తంభం, ఇంకా లావుగా, గోరుతో సహా. చివరి ఫోటో తెరవకుండా ఫోను గుండెకు ఆనించుకుని రెండు స్టాపులు దాటించాను. తర్వాత తెరిచాను.

వేలు లేదు! అరవడానికి నోటి పక్కన పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయిందేమో, ఆ సంబరంలో ఒంటిచేత్తోనే నొక్కి ఉంటాను. పైన సన్నటి ఆకాశం, కింద ఇంకా కోయని రాగి, నడుమ వరుస మొత్తం. ఎడమ కొసన అమ్మ. రెండు భుజాలు, కొడవలి, బొట్టు, రెండు చెవులు, పాత రవిక, కోపం, అన్నీ ఉన్నాయి. బస్సులో గట్టిగా నవ్వేశాను. కండక్టరు కూడా చూశాడు. చూడనీ.

అమ్మ పొయ్యి దగ్గర చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకుంది. ముందు తనను వెతుక్కోలేదు. వేలితో వరుస వెంబడి కుడి నుంచి వచ్చింది.

"చూడు, నడుమ ఎట్ల వంకర పోయిందో. చెప్తే వినరు." వేలు ఎడమ కొసకు చేరింది. ఆగింది. "ఇంత లావుండానా నేను?"

"వెడల్పు లెన్సు కదమ్మా, అంచులో ఉండేవాళ్ళని అడ్డంగా సాగదీస్తాది. అందుకే అందరికన్నా నువ్వే పెద్దగా ఉండావు."

"అందరికన్నానా?" ఫోను దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరికి తెచ్చుకుని చూసింది. "మీ పెద్దమ్మ కన్నానా?"

నేను గట్టు మీద కొంచెం ఎడమగా నిలబడి ఉంటాను. పెద్దమ్మ కన్నా కూడా పెద్దగానే ఉంది. అమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది గానీ ఫోను ఇవ్వలేదు.

చిక్కబళ్ళాపురం స్టూడియోలో దాన్ని పొడవాటి కాగితం మీద వేయించాను. తర్వాతి ఆదివారం పెద్దమ్మ చేను కోత. అమ్మ ఆ ఫోటోను చుట్టి, సంగటి గంపలో పెట్టి, తనే మోసుకుని వచ్చింది. తిండి దగ్గర అది చేతులు మారింది. ఎవరికి వాళ్ళు కనిపించారు, ఎవరి కళ్ళు మూసుకుపోయాయో తేలింది, అక్కడి దాకా బాగానే ఉంది. తర్వాత పెద్దమ్మ చేతికి వచ్చింది.

"ఇదేమే ఈయమ్మ ఇంత ఉండాది? నేను చూస్తే ఎండిన రాగి కర్ర మాదిరి ఉండాను!"

"కొసన ఉండేవాళ్ళు పెద్దగా పడతారంట అక్కా," అంది అమ్మ, సారు పోస్తూ, ఏమీ ఎరగనట్లు. "పాప చెప్పింది."

"నేనూ కొసనే కదా!"

"పాప నా పక్క నిలబడింది కదా మరి."

కొత్త రీలు వేసుకుని పోయి ఉన్నాను. తిన్న తర్వాత గట్టెక్కి, ఈసారి ఎవరూ అడగకముందే, "మునుంలోకి పోండి!" అని అరిచాను. ఎవరు వింటారు! లేచిన వాళ్ళు లేచినట్లు కొసలకు పరిగెత్తారు. ఇన్నేళ్ళ వరుస రెండు గుంపులుగా చీలిపోయింది. ఈ కొసన కొందరు తోసుకుంటున్నారు, ఆ కొసన కొందరు. పెద్దమ్మ కుడి కొస వదిలి ఎడమ కొసకు వచ్చి, అక్కడున్న కోడలిని భుజంతో నెట్టి, "ఈ పొద్దు రెండు కొసలూ నావే, చేను నాది!" అంటోంది.

అమ్మ తన చోటుకు పోబోయింది. అక్కడ సందు లేదు. ఇటు తిరిగింది, ఇక్కడా లేదు. చేని నడుమ, ఖాళీగా ఉన్న సాళ్ళలో, కొడవలి పట్టుకుని ఒక్కతే నిలబడిపోయింది. ఎటూ జరిగే దారి లేదు. రెండు పక్కలా అరుచుకుంటున్న ఆడవాళ్ళను చూసి ఆమెకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేచింది.

"అమ్మా, చెయ్యి దించు!" అని అరిచాను.

దించింది.